పోయినవాళ్ల దర్వాజ

నా చిన్నప్పుడు మా ఊరి చర్చికి రెండు దర్వాజలు ఉండేవి. పడమటిది బతికున్నవాళ్లది, ఉత్తరంది పోయినవాళ్లది. పడమటి దర్వాజ ప్రతి ఆదివారం తెరుచుకునేది. ఉత్తరం దర్వాజను మాత్రం ఎవరైనా చనిపోయినప్పుడే తెరిచేవారు. పాటలు, ప్రార్థన అయ్యాక శవపెట్టెను దాని గుండా బయటికి తీసుకుపోయేవారు. సమాధుల తోట నుంచి జనం తిరిగి వచ్చేలోపే ఆ దర్వాజను ఇటుకలతో, మట్టితో మూసేసేవారు. తలుపేసి గొళ్లెం పెట్టడం కాదు, గోడే కట్టేసేవారు. మళ్లీ ఇంకెవరైనా పోతే ఆ గోడను విప్పి, పని కాగానే మళ్లీ కట్టేవారు. ఇదేం చోద్యమని మా ఇంటి పిల్లలు ఇప్పుడు నవ్వుతారు. నవ్వనీయండి. మునిమాపు వేళ ఆ గోడ పక్కనుంచి ఒంటరిగా నడిచి ఉంటే వాళ్లకూ తెలిసేది.

మా ఊరు మెట్‌పల్లి దాటి గోదారి వైపు పోయే దారిలో ఉంటుంది. చుట్టూ పసుపు చేన్లు, మక్క చేన్లు. వాటి నడుమ ఆ నల్లరాతి చర్చి దారి తప్పి వచ్చినట్టు నిలబడి ఉండేది. దాన్ని కట్టించిన మిషనరీ దొర, తన దేశంలో తాను పుట్టిన పల్లెలోని చర్చి బొమ్మను ఎదురుగా పెట్టుకుని కట్టించాడట. అందుకే దాని కప్పు నిట్టనిలువుగా వాలి ఉండేది, మంచు పడితే జారిపోవడానికని. మా ఊళ్లో మంచు ఏనాడు పడింది గనక! ఎండలకే మాడి చచ్చేవాళ్లం. కిటికీలు సన్నగా, పొడుగ్గా, పైన మొన తేలి ఉండేవి. చలిదేశపు కిటికీలు కదా, గాలి తక్కువ, చీకటి ఎక్కువ. లోపల కూర్చుని తలెత్తితే, ఆదిలాబాద్ అడవుల నుంచి బండ్ల మీద తెచ్చిన టేకు వాసాలు పక్కటెముకల్లా వంగి కనిపించేవి. ఆదివారం బడిలో యోనాను పెద్ద చేప మింగిన కథ చెప్పినప్పుడు ఆ చేప కడుపు ఎట్లా ఉంటుందో నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

మా తాత, అంటే మా అమ్మకు నాయన, ఆ చర్చి కట్టిన సుతారుల్లో ఒకడు. మా దిక్కున తాపీ పని చేసేవాళ్లను సుతారులంటారు. పెళ్లయిన కొత్తలో ఆ పనికి కుదిరాడట. ముందు అక్కడ గడ్డి కప్పిన గుడిసె ఒకటి ఉండేదని, ఒక్క ఆదివారం కూడా ప్రార్థన ఆగకుండా ఆ గుడిసెను అట్లాగే ఉంచి, దాని చుట్టూ రాతిగోడలు లేపారని చెప్పేవాడు. గోడలు, కప్పు పూర్తయ్యాకే లోపలి గుడిసెను విప్పేశారట. సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోసి ఎద్దుల గానుగలో నూరేవారట. బెల్లం నీళ్లు గానుగలోకి చేరేలోపు కొన్ని కడుపుల్లోకి చేరేవని నవ్వేవాడు. కమానులు కట్టేటప్పుడు కింద కట్టెలతో, మట్టితో అచ్చు నిలబెట్టి, నడిమి రాయి కూర్చున్నాక ఆ అచ్చును తీసేస్తారు. అట్లా తీసేటప్పుడు మావాళ్లెవరూ కమాను కింద నిలబడలేదట, దొర ఒక్కడే పోయి నిలబడ్డాడట. గోపురం సగానికి వచ్చాక కరువొచ్చి పని ఆగిపోయింది. ఊరు తేరుకున్నాక మిగిలిన సగాన్ని రాతితో కట్టే స్తోమత లేక ఇటుకతో ముగించారు. అందుకే మా గోపురం కింద నలుపు, పైన ఎరుపు.

ఇక ఉత్తరం దర్వాజ సంగతి. బొమ్మలో ఉంది కాబట్టి దొర పెట్టించాడు. ఇది దేనికని మావాళ్లు అడిగితే, పూర్వం తన దేశంలో పసిబిడ్డకు బాప్తిస్మం ఇచ్చేటప్పుడు ఈ తలుపు తెరిచి ఉంచేవారని, బిడ్డను వదిలిన సైతాను ఇటు నుంచి పోతాడని నమ్మేవారని చెప్పి నవ్వాడట. మావాళ్లు నవ్వలేదు. వాళ్లకు అది బాగా తెలిసిన సంగతిలాగే వినబడింది. మా దిక్కున చెడ్డ నక్షత్రంలో మనిషి పోతే పీనుగును వాకిట్లోంచి తీసేవారు కాదు. వెనక గోడ పడగొట్టి, అటు నుంచి తీసుకుపోయి, వెంటనే ఆ గోడ కట్టేసేవారు. పోయినవాళ్లు తిరిగి వస్తే, వెళ్లిన దారి కనబడక వెనక్కి మళ్లుతారని నమ్మకం. బాప్తిస్మం నీళ్లు మావాళ్ల తలల మీద పడ్డాయి గాని ఆ భయం దాకా చేరలేదు. దొర వద్దన్నాడు, చెప్పి చెప్పి విసిగాడు, చివరికి తన దేశం వెళ్లిపోయాడు. ఆ తర్వాత వచ్చిన పాస్టర్లు కూడా ఊరితో ఎందుకొచ్చిన గొడవ అని ఊరుకున్నారు. ఆ దర్వాజకని చేయించిన టేకు తలుపులు పాస్టరుగారి ఇంటి పశువుల కొట్టంలో పడి ఉండేవి. గోడ విప్పే పని, కట్టే పని మా తాత చేతికి వచ్చింది.

ఆ వైపు గడ్డి మోకాళ్ల దాకా పెరిగేది, మేకలు కాసేవాళ్లు కూడా అటు తోలేవారు కాదు. పిల్లలం పందెం కాసేవాళ్లం. గోడ మీద అరచెయ్యి ఆనించి, వెనక్కి చూడకుండా నడిచి రావాలి, పరుగెత్తితే ఓడినట్టు. గెలిచినవాళ్లు ఎవరూ నాకు గుర్తులేరు.

నేను రెండో తరగతిలో ఉండగా, వానకాలంలో జ్వరమొచ్చి మా అవ్వ పోయింది. మా దగ్గర అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటారు. అందరూ పెట్టె వెంట సమాధుల తోటకు వెళ్లారు. చిన్నపిల్లనని నన్ను రానివ్వలేదు. తాత కూడా వెళ్లలేదు, ఆయనకు ఇక్కడ పని ఉంది. కన్నబిడ్డను అక్కడ మట్టిలో పెడుతుంటే, ఇక్కడ ఆమె పోయిన దారిని తన చేతులతో మూస్తూ కూర్చున్నాడు. నేను పక్కన నిలబడి చూశాను. ఆయన ఏడవలేదు. ఇటుక మీద ఇటుక, మధ్యలో మట్టి, పైన అరచేత్తో ఒక తట్టు. చివరి ఇటుక దగ్గర మాత్రం చాలాసేపు ఆగి, లోపలికి తొంగి చూసి, అప్పుడు పెట్టాడు.

ఆ గోడ ఎందుకని ఇంటికి వచ్చాక పక్కింటి పెద్దవ్వను అడిగాను. మంచి మనిషే ఆమె, ఆ రోజుల్లో నాకు అన్నం పెట్టింది ఆమే. దాపరికం లేకుండా చెప్పింది.

“పోయినోళ్లు మల్ల ఇంటికి రాకుంట బిడ్డా. తొవ్వ దొరక్కపోతే తిరిగి తిరిగి వాళ్లే పోతరు.”

పోయినవాళ్లు వస్తారని ఊరంతా భయపడేది. నాకు పట్టుకున్న భయం వేరు. మా అవ్వ వస్తుంది, తప్పకుండా వస్తుంది, వచ్చి ఆ గోడ దగ్గర ఆగిపోతుంది. తాత కట్టిన గోడ ఎంత గట్టిదో నాకు తెలుసు. ఆ ఆలోచన వస్తే అన్నం సహించేది కాదు.

బడి విడిచాక చర్చి వెనక్కి వెళ్లి ఆ గోడకు చెవి ఆనించేదాన్ని. ఎవరు నమ్మినా నమ్మకపోయినా లోపల చప్పుడు ఉండేది. మాట కాదు, ఏడుపు కాదు. ఎవరో పిలవడానికి ఊపిరి తీసుకుని, పిలవకుండా ఆగిపోయినట్టు ఉండేది. కాసేపటికి మళ్లీ అదే. నా చేతుల మీది వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. కాళ్లు పారిపొమ్మనేవి, నేను పోయేదాన్ని కాదు. ఇటుకల సందు దగ్గర నోరు పెట్టి, పెద్దవ్వ ఇవాళ పప్పు వండిందని, బాపు తినలేదని, మేక ఈనిందని చెప్పేదాన్ని. చెప్పడం అయ్యాక మళ్లీ ఆ ఊపిరి వినిపించేది. అవ్వ విన్నదనే అనుకునేదాన్ని.

మా బాపు అప్పటికి మనిషి మనిషిలా లేడు. చర్చికి రావడం మానేశాడు. ఆ గోపురం కంట పడకూడదని చేనుకు చుట్టుదారిన పోయేవాడు. ఇంట్లో ఎవరైనా అవ్వ పేరెత్తితే లేచి బయటికి వెళ్లిపోయేవాడు. నాతో మాట్లాడడానికి ఆయనకు ఏమీ దొరికేది కాదు, నాకూ అంతే. ఒకే ఇంట్లో ఇద్దరం రెండు మూలల్లో బతికాం.

నేను గోడతో మాట్లాడుతున్నానన్న సంగతి ఊళ్లో పాకడానికి ఎంతసేపు? పిల్లకు గాలి సోకిందన్నారు. నాతో ఆడుకునే పిల్లలను వాళ్ల తల్లులు లోపలికి పిలుచుకున్నారు. సరిగ్గా అప్పుడే నాకు జ్వరం వచ్చింది. వానకాలంలో ఊళ్లో సగం మందికి జ్వరమే, అయినా నా జ్వరం మాత్రం ఉత్తరం దర్వాజ నుంచి వచ్చిందని తేల్చారు. మట్టిగోడ చాలదు, నల్లరాయి, సున్నం పెట్టి శాశ్వతంగా మూసేయాలని సంఘపెద్దలు అనుకున్నారు. ఇకమీద పోయేవాళ్లకు ఇంకో పక్కన దారి కొట్టుకుందామన్నారు. ఆ మాట తాతకు చెప్పడానికి మాత్రం బాపే వచ్చాడు. జ్వరమని నేను తాత ఇంట్లోనే దుప్పటి కప్పుకుని మంచంలో ఉన్నాను, నిద్రపోయాననుకున్నారు.

“రాయితోని కట్టు మామా. ఇగ ఎన్నటికి తెరువకుంట కట్టు. పోయినామె పోరిని గుంజుకుంటున్నది. నాకు మిగిలింది గిది ఒక్కతే.”

తాత ఏమన్నాడో నాకు వినబడలేదు. బాపు వెళ్లాక నేను మంచం దిగి తాత కాళ్లు పట్టుకున్నాను. కట్టొద్దు తాతా, రాయి పెడితే అవ్వకు తొవ్వ ఎన్నటికీ దొరకదని ఏడ్చాను. ఆయన నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, ఒక్క మాట చెప్పాడు.

“జరం తగ్గనియ్యి. తగ్గినంక నాతోని రా, సద్ది గట్టుకొని పోదాం.”

జ్వరం తగ్గాక ఒక పొద్దున ఇద్దరం వెళ్లాం. అప్పటికే ఉత్తరం వైపు నల్లరాళ్లు కుప్ప పోసి ఉన్నాయి. తడి సున్నం ఘాటు ముక్కుకు కొట్టింది. అవి చూడగానే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. తాత సంచిలోంచి సుత్తె, ఉలి తీసి, మట్టిగోడ పై వరసలో ఒక ఇటుకను కదిలించి ఊడబెరికి నా చేతికిచ్చాడు. రాతిగోడ కట్టాలంటే ముందు మట్టిగోడ తీయాలి కదా అనుకున్నాను. ఆయన తీస్తుంటే నేను మోసి ఒక పక్కన పేర్చాను.

ఇటుకలు సగం దిగాక లోపల ఏముందో కనబడింది. చర్చి గోడ చాలా మందం, నేను అడ్డంగా పడుకుంటే సరిపోయేంత. బయటి అంచున ఇటుకలు, లోపలి అంచున చెక్కల అడ్డు, మధ్యలో బోలు. ఆ బోలులో అవ్వ లేదు. పెట్టెలు పోయేటప్పుడు రాలిన పూలు ఉన్నాయి. బంతులు, చేమంతులు, ఎండి రంగు పోయి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఏవి ఎవరివో చెప్పడం ఎవరి తరమూ కాదు. అన్నిటికంటే పైనున్నవి మాత్రం ఇంకా కొంచెం పచ్చగా ఉన్నాయి. అవి ఎవరివో నాకు తెలుసు. ఒకటి తీసి గుప్పిట్లో పెట్టుకున్నాను. అప్పుడే చెక్కల సందులోంచి ఆ ఊపిరి వచ్చి నా మెడకు తగిలింది.

“గోపురంలకెల్లి వస్తది గా గాలి,” అన్నాడు తాత. “రాయి మీద ఇటుక పెట్టినకాడ సందులున్నయి. గాడ జొచ్చి గీడికి దిగుతది.”

వినగానే నాకు ధైర్యం రావాలి. రాలేదు. ఇన్నాళ్లూ నేను మేక సంగతీ పప్పు సంగతీ చెప్పుకున్నది గాలికా? నా ముఖం చూసి తాతకు అర్థమైనట్టుంది. సుత్తె కింద పెట్టి, నా వైపు తిరగకుండానే అన్నాడు.

“గాలే అని నేనెట్ల ఒట్టు పెట్టాలె బిడ్డా. గోపురం కట్టినోన్ని, సందులున్నయని నాకు తెలుసు. తెలిసి గూడ, గోడ కట్టిన తెల్లారి నేనే వచ్చి చెవి పెట్టిన.”

ఆ గోడకు చెవి పెట్టింది నేనొక్కదాన్నే కాదని తెలిసింది. ఆ పూట నాకు అది చాలింది.

మిగిలిన ఇటుకలు, లోపలి చెక్కలు కూడా తీసేశాక తాత చేతులు కడుక్కుని, గడప రాయి మీద కూర్చుని సద్దిమూట విప్పాడు. జొన్నరొట్టె, ఎల్లిగడ్డ కారం, ఉల్లిగడ్డ. పీనుగు దాటే గడప మీద కూర్చుని తినడం! ఆ చోటు తొక్కి వచ్చినా స్నానం చేయనిదే ఇంట్లోకి రానిచ్చేవారు కాదు. ఆయన పక్కన చేత్తో తట్టాడు, కూర్చున్నాను. వెనక చీకటి చర్చి, ముందు ఎండ. వీపు చల్లగా, మోకాళ్లు వెచ్చగా ఉన్నాయి. ఆయన పెట్టిన రొట్టె తిన్నాను.

రాతిగోడ కట్టడం చూద్దామని వచ్చినవాళ్లు మమ్మల్ని చూసి దూరంగానే ఆగిపోయారు. పెద్దవ్వ ఒక్కతే ముందుకొచ్చింది.

“నీకు పిచ్చి లేసిందా ముసలోడా? గాడ కూసోని తింటరా ఎవలన్న? పోరికి గూడ పెడుతున్నవ్!”

“నీ పెనిమిటి గూడ గీడికెల్లే పాయె గదనే,” అన్నాడు తాత, నములుతూనే. “బతికున్నన్నాళ్లు ఎవల జోలికి పోలే. సచ్చినంక కరుస్తడా?”

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. పెద్దవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దర్వాజ వైపు చూస్తూ నిలబడిపోయింది. భర్త పోయిన నాటి నుంచి ఆమె చర్చికి ఆ పక్కగా రావడం నేను చూడలేదు.

అంతలో బాపు చేను నుంచి గబగబా వచ్చాడు. కాళ్లకు బురద అట్లాగే ఉంది. తెరిచి ఉన్న దర్వాజను, అందులో రొట్టె తింటున్న మమ్మల్ని చూసి ఆయన ముఖం నల్లబడింది.

“నేనేం జెప్పిన మామా, నువ్వేం జేస్తున్నవ్?”

కోపంగా మొదలైన గొంతు మధ్యలోనే విరిగిపోయింది. తాత తన రొట్టెను సగానికి తుంచి బాపు వైపు చాచాడు. ఆ చెయ్యి చాలాసేపు అట్లాగే ఉంది. బాపు ఆ రొట్టె తీసుకోకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. తాత కట్టకపోతే ఇంకో సుతారి కడతాడు, రాళ్లూ సున్నమూ అక్కడే ఉన్నాయి. నేను తాత వైపు జరిగి, పక్కన చోటు చేశాను. అంతకంటే చేయగలిగింది నాకేమీ తోచలేదు.

బాపు వచ్చి ఆ చోట్లో కూర్చున్నాడు. రొట్టె తీసుకుని కొరికాడు గాని నమలలేకపోయాడు. నోట్లో ముద్ద ఉండగానే వెక్కి వెక్కి ఏడ్చాడు. అవ్వ పోయాక ఆయన ఏడవడం అదే మొదలు. తాత ఆయన్ని ఓదార్చలేదు, మంచినీళ్ల చెంబు దగ్గరికి జరిపాడు అంతే.

అప్పుడు వెనక నుంచి ఆ ఊపిరి వచ్చింది. ఈసారి దానికి ఇటుకలు అడ్డం లేవు, చెక్కలు అడ్డం లేవు. ఎప్పటిలా మధ్యలో ఆగలేదు. నిదానంగా మా ముగ్గురి వీపుల మీదుగా ఎండలోకి వెళ్లిపోయింది. గాలే అయ్యుంటుంది. కానీ ముగ్గురం ఒక్కసారే వెనక్కి తిరిగి చూశాం. లోపల బల్లలు తప్ప ఏమీ లేవు. బాపు ఏం కనబడుతుందని తిరిగాడో నేను అడగలేదు, ఆయనా నన్ను అడగలేదు. ఆయన బతికున్నంత కాలం మేం ఆ మాట ఎత్తలేదు.

తాత లేచి చేతులు దులుపుకున్నాడు.

“నాతోని కాదు, నేను కట్ట. రాయున్నది, సున్నమున్నది. మూసెటోళ్లు మూసుకోండ్రి.”

ఎవరూ కదలలేదు. ఆ దర్వాజ గుండా ఎవరినో ఒకరిని సాగనంపని ఇల్లు అక్కడ ఒక్కటీ లేదు. చివరికి పెద్దవ్వ ముందుకొచ్చింది. రాయి తీస్తుందేమోనని భయపడ్డాను. ఆమె గడప దగ్గర వంగి, ఆ ఎండుపూలలో చెయ్యి పెట్టి కాసేపు వెతికింది. తన మనిషివి ఏవో తెలియక గుప్పెడు తీసుకుని కొంగున కట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా ఇంటికి వెళ్లిపోయింది. ఆమె వెనకే మిగిలినవాళ్లూ ఒక్కొక్కరుగా కదిలారు.

మరుసటి ఆదివారం బాపు నా చెయ్యి పట్టుకుని ఆ దర్వాజ నుంచే చర్చిలోకి తీసుకుపోయాడు. గడప మీద మా ఇద్దరి కాళ్లూ ఆగాయి. ఆయన అరచేయి చెమటతో తడిసి ఉంది. నాకు భయం వేసింది, ఆయనకూ వేసింది, ఇద్దరం లోపలికి నడిచాం. కొన్నాళ్లకు తాత పశువుల కొట్టంలోని టేకు తలుపులు కడిగి, మడతబందులు వేసి అక్కడ నిలబెట్టాడు. ఇక ఎవరూ గోడ కట్టమనలేదు. ఊరు మారిందని మాత్రం అనుకోకండి, చాలామంది ఆ దర్వాజ దగ్గర అడుగులు వేగంగా వేసేవారు, ఇప్పటికీ వేస్తారు.

తాత నాకు దయ్యాలు లేవని చెప్పలేదు. భయపడొద్దని కూడా చెప్పలేదు. భయం ఉన్న చోటే కూర్చోబెట్టి రొట్టె పెట్టాడు. పెద్దయ్యాక ఎన్నో ప్రసంగాలు విన్నాను, ఓదార్పు మాటలు విన్నాను, నేనూ నలుగురికి చెప్పాను. కడుపులోకి దిగింది ఆ రొట్టె ఒక్కటే.

ఇప్పుడు మా చర్చిని చూస్తే తాత గుర్తుపట్టడు. పెంకులు పోయి రేకులొచ్చాయి. దుబాయి, మస్కట్ పోయిన పిల్లలు కింద గ్రానైటు పరిపించారు. నల్లరాయి మీద సిమెంటు పూసి గులాబీ రంగు వేశారు. ఎవరికి తోచిందో గాని మిఠాయి డబ్బాలా ఉంది. వద్దని మొత్తుకున్నాను, ముసలిదాని మాట ఎవరు వింటారు?

నేను ఉత్తరం వైపు నుంచే చర్చికి వెళ్తాను. మా మనవరాలు నా చెయ్యి గట్టిగా పట్టుకుని, “గిటు వద్దు అమ్మమ్మా, నాకు భయమైతది” అంటుంది. నాకు కూడా అయితది బిడ్డా అంటాను. అబద్ధం కాదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ గడప దాటేటప్పుడు నా వీపు జలదరిస్తుంది. దాన్ని పోగొట్టమని నేను ఏనాడూ ప్రార్థన చేయలేదు. మా అవ్వ ముఖం నాకు గుర్తులేదు. గొంతు గుర్తులేదు. ఆ రోజుల్లో ఫోటోలు తీయించుకునే వాళ్లం కాదు. ఆ రోజు గుప్పిట్లో పెట్టుకున్న పువ్వు ఎప్పుడో పొడైపోయింది. ఆ జలదరింపు ఒక్కటే ఆమెది నా దగ్గర మిగిలింది.